నాలుగో అంతస్తులో ఎవరూ దిగలేదు

"పాపా, టీ చల్లారిపోతోందని మీ నాన్నతో చెప్పు."

"నాన్నా, టీ చల్లారిపోతోందట."

"చల్లారితే చల్లారనీ అని మీ అమ్మతో చెప్పు."

"అమ్మా, చల్లారితే..."

"వినపడింది."

మా వంటింటికీ హాలుకీ మధ్య ఆరడుగుల దూరం. ఆ ఆరడుగులకి ఆదివారం నుంచి మా తోడికోడలి కూతురే దుభాషి. తల్లి ఉద్యోగం పిల్లకొచ్చింది. కాకపోతే అక్క, అదే మా తోడికోడలు, చేసేది ఆస్పత్రిలో. భాష రాని రోగులకీ, రోగుల భాష రాని డాక్టర్లకీ మధ్య కూర్చుంటుంది. పాపకి కూర్చోడానికి కుర్చీ కూడా లేదు, అటూ ఇటూ తిరిగి స్కూలు బస్సు తప్పించుకుంటోంది.

బావగారు మూడు రోజులుగా హాల్లో సోఫా మీద పడుకుంటున్నారు. ఆ సోఫా మా ఆయన పొడుగు చూసి కొన్నది. బావగారు తమ్ముడికంటే జానెడు ఎక్కువ. పొద్దున్నే లేచేసరికి మడతపెట్టిన గొడుగులా ఉంటున్నారు. తెరుచుకోడానికి పది నిమిషాలు పడుతోంది.

ఇదంతా రేడియో చేసిన పని. నిజం చెప్పొద్దూ, ఆ రేడియో పెట్టింది నేను.

మా వీధి లైబ్రరీవాళ్ళు శనివారం శనివారం ఒక కార్యక్రమం వేస్తున్నారు. ఈ వీధిలో ఉండేవాళ్ళు తమ బతుకు కథ తమ భాషలో చెప్తారు, దాన్ని మిగతా భాషల్లోకి మార్చి వినిపిస్తారు. పేర్లు ఉండవు. మా వీధిలో పదకొండు భాషలున్నాయి. ఒక్క కూరగాయలావిడే పదకొండింట్లోనూ 'తగ్గదు' అనగలదు. మొన్న శనివారం తెలుగులో వినిపించే వంతు. అక్క గొంతు వస్తుందని ఇల్లంతటినీ రేడియో ముందు కూర్చోబెట్టింది నేనే. కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. నాకు అదే జబ్బు.

వచ్చింది అక్క గొంతు. స్పష్టంగా వచ్చింది.

"పందొమ్మిదేళ్ళప్పుడు నేను ఒక ఇల్లు వదిలేసి వచ్చాను. గుమ్మంలో రెండేళ్ళ పిల్ల చెప్పులున్నాయి. ఒకటి తిరగబడి ఉంది. దాన్ని సరిగ్గా పెట్టి వచ్చాను. పిల్లని మాత్రం తీసుకురాలేదు."

తర్వాత ఈ ఊరు. తర్వాత ఇంకో పెళ్ళి. "ఈయన మంచివాడు. అందుకే చెప్పలేదు" అన్న దగ్గర బావగారు లేచి రేడియో కట్టేశారు. ఆ తర్వాత ఇంకో రెండు నిమిషాలు ఉందట. మా ఇంట్లో ఎవరూ వినలేదు.

అక్క అప్పుడే చెప్పింది. "అది నా కథ కాదు. నేను పలికాను, అంతే. మా పనిలో 'ఆవిడ అంటోంది' అనకూడదు. వాళ్ళు 'నేను' అంటే మేమూ 'నేను' అనాలి. నేర్పేది మొట్టమొదట అదే."

"మరి ఎవరి కథ?" అన్నారు బావగారు.

"చెప్పకూడదు. నేర్పేది రెండోది అది."

నిజానికి ఇది నమ్మాల్సిన మాటే. పోయినేడాది బాల్కనీలో నిలబడి ఫోన్లో "డాక్టరుగారూ, నాకు డెబ్భై రెండేళ్ళు, రెండు రోజులుగా ఒంటేలు సరిగ్గా రావట్లేదు" అని అక్క అంటుంటే నేను చెవులారా విన్నాను. అత్తయ్య కూడా విని, ఆ సాయంత్రమంతా కోడలి చేత చెంబులు చెంబులు నీళ్ళు తాగించింది.

కానీ ఆదివారం బావగారు ఒక మాట అడిగారు.

"అందులో ఒక్క ముక్క కూడా నీది కాదని ఒట్టెయ్. అక్కడితో వదిలేస్తాను."

అక్క లేచింది. గ్లాసుతో నీళ్ళు తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది.

"ఒట్టెయ్యను" అంది.

మా ఇల్లు అక్కడే ఆగిపోయింది. అక్కకి పెళ్ళయ్యేనాటికి ఇరవయ్యారేళ్ళు. అంతకుముందు ఏడేళ్ళు వేరే ఊళ్ళో ఒంటరిగా ఉద్యోగం చేసిందని మాకు తెలుసు. ఆ ఏడేళ్ళ గురించి ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అందరికీ ఒక్కసారే అడగాలనిపిస్తోంది.

ఇవాళ మంగళవారం.

"నాకు ముందే తెలుసు" అంది అత్తయ్య, బ్రెడ్డుకి వెన్న రాస్తూ.

"ఏం తెలుసు అత్తయ్యా?"

"ఏదో ఉందని."

అత్తయ్యకి ముందే తెలియని విషయం ఈ భూమ్మీద లేదు. ఆవిడకి ముందే తెలుసన్న సంగతి మాత్రం మాకు ఎప్పుడూ తర్వాతే తెలుస్తుంది.

"గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోకూడదు గానీ, అసలు తడుముకోనంటే ఎలా? ఒట్టెయ్యమంటే వేసేస్తే పోయేదిగా?"

"అబద్ధపు ఒట్టు వెయ్యమంటారా?" అక్క చెప్పులేసుకుంటూ అడిగింది.

"అంటే నిజం ఉందన్నమాట!" సోఫాలోంచి బావగారు. ఆ ఒట్టు సంగతి తర్వాత పాప సాయం లేకుండా ఆయన అన్న మొదటి మాట అది.

అక్క ఆయన వైపు చూసింది. ఏదో చెప్పబోతోందనుకున్నాం. మా ఆయన అద్దం ముందు తల దువ్వుకోవడం ఆపి, దువ్వెన గాల్లోనే పట్టుకుని నిలబడ్డారు.

"నేను ఒక తప్పు చేశాను" అంది అక్క. "మీరు అనుకునేది కాదు."

"మరేది?"

"సాయంత్రం వచ్చాక చెప్తాను. చెప్పగలిగితే."

"చెప్పగలిగితే ఏమిటి? పొద్దున్నించి రాత్రి దాకా ఊరందరి మాటలూ చెప్తావుగా!"

"అవును. అవే చెప్పగలను."

టిఫిను డబ్బా టేబులు మీదే వదిలేసి వెళ్ళిపోయింది. లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది.

పాప నా కొంగు లాగింది. "పిన్నీ, నాకు అక్క ఉందా?"

"ఎవరన్నారే?"

"రేడియో. ఉంటే నా గదిలోనే పడుకోవాలా?"

బావగారు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, పనిముట్ల సంచి తీసుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఎక్కడికో కాదు, గుమ్మం ముందరికే. బావగారు లిఫ్టు మెకానిక్కు. ఇవాళ సెలవు పెట్టారు. సెలవు పెట్టిన మనిషి ఏం చేస్తాడు? మా బిల్డింగు లిఫ్టు విప్పుకుని కూర్చున్నారు. మా గుమ్మానికి ఎదురుగా లిఫ్టు, పక్కన గడియారాలు బాగుచేసే తాతగారి వాటా. నాలుగో అంతస్తంటే మా రెండు వాటాలే.

నాలుగు నెలలుగా ఈ లిఫ్టుకి ఒక రోగం పట్టింది. సాయంత్రం ఆరు గంటలప్పుడు నాలుగో అంతస్తుకి వస్తుంది. తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ దిగరు. తలుపు మూసుకుని మళ్ళీ కిందికి పోతుంది. కనిపెట్టింది తాతగారు. ఆయన చెవికి క్షణం తేడా కూడా తెలుస్తుంది. మాకు ఆ వేళకి టీవీ మోగుతుంటుంది కాబట్టి గుమ్మం ముందు ఏనుగు దిగినా తెలియదు.

నేను టిఫిను పట్టుకెళ్ళేసరికి బావగారు బటన్ల పలక విప్పి, దాని లోపలికి జబ్బు పిల్లాడి గొంతులోకి చూసినట్టు చూస్తున్నారు.

"ఏమైనా దొరికిందా బావగారూ?"

"బోర్డు మార్చాను. తలుపు దగ్గర మనిషిని కనిపెట్టే కన్ను మార్చాను. బటన్లు రెండుసార్లు మార్చాను. లిఫ్టుకి మనసుండదమ్మాయ్. ఎవరో ఒకరు నొక్కితేనే కదులుతుంది."

"మూడో అంతస్తు డ్రిల్లు మాస్టారు దెయ్యమంటున్నారు."

"దెయ్యమైతే గోడలోంచి పోతుంది. లిఫ్టెందుకు?"

తలుపు సందులోంచి తాతగారి గొంతు వినిపించింది. "నిన్న ఆరూ పదికి వచ్చిందోయ్. లేచి చూద్దామనుకున్నా. నా మోకాళ్ళు లేచేసరికి అది వెళ్ళిపోయింది."

బావగారు స్క్రూడ్రైవరు సంచిలో వేశారు. నా వైపు చూడకుండా అన్నారు: "పదేళ్ళు కాపురం చేశానమ్మాయ్. ఆవిడ ఏ భాషలో కలవరిస్తుందో కూడా తెలుసు నాకు. ఇప్పుడు చూస్తే ఆవిడెవరో తెలియట్లేదు. అది ఆవిడ కథే అయితే నాకు ముందే చెప్పొచ్చుగా, నేనేమన్నా కొరుకుతానా? కాకపోతే ఒట్టెయ్యడానికేం? రెండిట్లో ఏదో ఒకటి అయ్యుండాలిగా?"

"రెండూ కాకపోతే?"

"అట్లా ఉండదు. తీగ తెగి ఉండాలి, లేదా అతికి ఉండాలి."

నాకు వంట వచ్చు, తీగల సంగతి తెలియదు. అయినా కూరలో ఉప్పు ఉన్నట్టూ లేనట్టూ ఉండే రోజులుంటాయని ఆయనకి చెప్పాలనిపించింది. టిఫిను అక్కడ పెట్టి వచ్చేశాను.

ఐదున్నరకి తలుపు కొట్టిన చప్పుడైంది. తీస్తే కింద వాటాలో బట్టలు కుట్టే దర్జీ ఆవిడ. పాప స్కూలు గౌను చేతిలో ఉంది. మనిషి రొప్పుతోంది.

"లిఫ్టు బాగానే ఉందిగా? మెట్లెక్కి వచ్చారేం?" అన్నాను.

"లిఫ్టు వద్దు" అంది. "గౌను అయింది. రెండు అంగుళాలు పొడుగు వదిలాను."

దర్జీ ఆవిడ తెలుగు మొత్తం కొలతల తెలుగు. పొట్టి, పొడుగు, వదులు, బిగుతు, రేపు, ఎల్లుండి. పదకొండేళ్ళుగా ఎక్కువగా ఆ ఆరు మాటలతోనే మా వీధి తెలుగువాళ్ళందరి నడుములూ ఆవిడకి తెలుసు. అంతకు మించి మాట కావాలంటే అక్క వెళ్ళేది. అక్క చిన్నప్పుడు వాళ్ళ పక్కింట్లో ఈవిడ భాషవాళ్ళే ఉండేవారట.

గౌను ఇచ్చింది గానీ కదల్లేదు. లోపలికొచ్చి హాలు మధ్యలో నిలబడింది. అత్తయ్య టీవీ గొంతు తగ్గించింది. మామూలుగా భూకంపం వస్తే తప్ప తగ్గించదు.

"నేను చెప్తాను" అంది దర్జీ ఆవిడ బావగారితో. "మధ్యలో ఆపొద్దు. ఆపితే కుట్టు పోతుంది."

బావగారు సోఫాలోంచి లేచారు. ఆరు మాటల మనిషి, మెట్లెక్కుతూ ఇవన్నీ వల్లెవేసుకుంటూ వచ్చినట్టుంది.

"రేడియో. ఆ పిల్ల నా పిల్ల. చెప్పులు నా పిల్ల చెప్పులు. మీ ఇంటావిడ కాదు. నేను."

అత్తయ్య రిమోట్ పక్కన పెట్టింది.

"లైబ్రరీ మేడం అడిగింది, కథ చెప్పు అని. నా గొంతు వద్దన్నాను. మా ఆయన వింటాడు, గొంతు తెలుస్తుంది. అందుకే నా గొంతు తీసేశారు. మీ ఇంటావిడ గొంతు ఉంచారు. ఎవరికీ చెప్పొద్దు అన్నాను. ఆవిడ చెప్పలేదు. బిల్డింగులో అందరూ ఇప్పుడు ఆవిడని..." చేత్తో కత్తిరిస్తున్నట్టు చూపించింది. మాట దొరకలేదు. అక్కర్లేదు కూడా.

"మరి మీ ఆయనకి తెలిస్తేనమ్మా?" అంది అత్తయ్య, నెమ్మదిగా.

"నిన్న చెప్పాను. ఆయన ఇస్త్రీ చేశాడు. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా ఒకటే చొక్కా. తర్వాత అడిగాడు, పిల్లకి ఇప్పుడు ఎన్ని సంవత్సరాలు అని."

"ఎన్ని?"

"ఇరవై ఆరు."

అత్తయ్య ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఇది కూడా తనకి ముందే తెలుసని ఈసారి అనలేదు.

"అంటే నాకు అక్క లేదన్నమాట" అంది పాప. పాపం, గదిలో మంచం ఎటు జరపాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

బావగారు నుదురు రుద్దుకుంటున్నారు. మొహంలో సంతోషం రాబోయి, సగంలో ఆగింది. "సరే. బాగుంది. మరి ఒట్టెందుకు వెయ్యనంది?"

దర్జీ ఆవిడ నా వైపు చూసింది. నా దగ్గర ఫోనుంది. లైబ్రరీవాళ్ళు ఆ కార్యక్రమం తర్వాత వినాలనుకునే వాళ్ళ కోసం నెట్లో పెడతారు. మూడు రోజులుగా వినాలని వేళ్ళు దురద పెడుతున్నా ధైర్యం చాలలేదు. ఇప్పుడు పెట్టాను. మళ్ళీ నేనే.

అక్క గొంతు మొదలైంది. దర్జీ ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. వాక్యం వాక్యానికీ వేలు మడిచింది, తయారైన బట్టలు లెక్కచూసుకుంటున్నట్టు.

"పందొమ్మిదేళ్ళప్పుడు... నాది. చెప్పులు... నాది. ఈ ఊరు... నాది."

"ఈయన మంచివాడు. అందుకే చెప్పలేదు" అంది ఫోన్లో అక్క.

"నాది" అంది దర్జీ ఆవిడ, కళ్ళు తుడుచుకుంటూ. అక్కడే శనివారం బావగారు రేడియో కట్టేసింది. ఇక్కడి నుంచి మాకూ కొత్తే.

ఫోన్లో కాసేపు ఏమీ వినిపించలేదు. ఎవరో ముక్కు చీదిన చప్పుడు. మళ్ళీ అక్క గొంతు, ఈసారి కొంచెం తగ్గి.

"ఇప్పటికీ పని నుంచి వచ్చి, లిఫ్టులో మా అంతస్తు దాకా వస్తాను. తలుపు తెరుచుకుంటుంది. ఎదురుగా మా గుమ్మం. లోపల అందరి మాటలూ వినిపిస్తుంటాయి. దిగబుద్ధి కాదు. మళ్ళీ కిందికి నొక్కుతాను. ఈసారి దిగుదాంలే అనుకుంటూ ఇంకోసారి పైకి వస్తాను. ఊరందరి మాటల్లోంచి నా మాటలోకి రావడానికి నాలుగు అంతస్తుల దారి నాకు చాలదు."

దర్జీ ఆవిడ వేలు మడవలేదు.

"ఇది నాది కాదు" అంది.

"సరిగ్గా వినమ్మా..." అన్నారు బావగారు. ఆయన గొంతు ఆయనది కానట్టుంది.

"నేను లిఫ్టు ఎక్కను. భయం. పదకొండేళ్ళు, మెట్లే. నా ఇల్లు కింద." వేళ్ళు మళ్ళీ చూసుకుంది. "అప్పుడు నేను ఏడ్చాను. మాట రాలేదు. మేడం మెషిన్ ఆపలేదు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంది. మీ ఇంటావిడ మాట్లాడింది. నేను నా మాటే మారుస్తోంది అనుకున్నాను. ఇది నాది కాదు."

ఎదుటివాళ్ళ మాటలో సొంత మాట కలపడం అక్క పనిలో మహా తప్పు. ఒకసారి నాతో చెప్పింది, చెయ్యకూడనిది మొత్తం మీద అదొక్కటే అని. పదేళ్ళలో అక్క తన గురించి మాకు చెప్పింది ఆ ఏడెనిమిది వాక్యాలు. అవి కూడా మాకు చెప్పలేదు. రేడియోకి చెప్పింది. అదీ ఇంకొకళ్ళ పేరు మీద.

బావగారు గోడ గడియారం వంక చూశారు. ఆరూ ఐదు.

నేను టీవీ కట్టేశాను. మా ఇంట్లో ఆ వేళకి ఎంత నిశ్శబ్దంగా ఉండొచ్చో నాకు అప్పటిదాకా తెలియదు. కింద ఎక్కడో తీగలు కదిలిన చప్పుడు. సన్నగా ఝుమ్మంటూ లిఫ్టు బయల్దేరింది. ఒకటి దాటింది. రెండు. మూడు.

బావగారు తలుపు దాకా వెళ్ళి గొళ్ళెం మీద చెయ్యి వేశారు. తియ్యలేదు.

లిఫ్టు ఆగింది. తలుపు తెరుచుకుంది. అడుగుల చప్పుడు లేదు. తలుపు మూసుకుంది. ఝుమ్మంటూ కిందికి పోయింది.

"బోర్డు బాగానే ఉంది" అన్నారు బావగారు, ఎవరితోనో.

"తలుపు తియ్యరా!" అంది అత్తయ్య గుసగుసగా. "పిలువు! బటన్ నొక్కు!"

తలుపు తీశారు. బటన్ దాకా చెయ్యి పోయింది. రెండుసార్లు మార్చిన బటన్ అది. దాని ముందు వేలు పెట్టుకుని అలాగే నిలబడ్డారు.

"నొక్కితే వస్తుంది" అన్నారు. "నేను నొక్కితే వస్తుందిలే. దానికేం."

చెయ్యి తీసేసి మెట్ల వైపు తిరిగారు. మెట్లెక్కేవాడికి మెకానిక్కెందుకని జన్మంతా వేళాకోళం చేసిన మనిషి, చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగడం మొదలుపెట్టారు. మొదట ఒక్కో మెట్టూ. తర్వాత గబగబా.

ఆయన రెండో అంతస్తు దాటుంటారు. లిఫ్టు మళ్ళీ కదిలింది.

"పైకా, కిందికా?" అంది అత్తయ్య.

పైకే.

బావగారి అడుగులు కిందికి పోతున్నాయి, లిఫ్టు పైకి వస్తోంది. మధ్యలో ఎక్కడో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. నోట్లో నువ్వుగింజ నానని నేను, సరిగ్గా అప్పుడే "బావగారూ" అని అరవడం మర్చిపోయి లిఫ్టు తలుపు వంక చూస్తూ నిలబడ్డాను.

తలుపు తెరుచుకుంది.

అక్క. భుజాన ఆస్పత్రి సంచి. ఎదురుగా బార్లా తెరిచిన గుమ్మం. గుమ్మంలో నేను, నా వెనక అత్తయ్య, అత్తయ్య చెయ్యి పట్టుకుని దర్జీ ఆవిడ. నా చేతిలో ఫోను.

దర్జీ ఆవిడని చూసింది. ఫోను చూసింది. మా మొహాలు చూసింది. సోఫా వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు.

"ఆయనేరీ?" అంది.

"కిందికి..." అన్నాను. నీ కోసం అని అందామనుకున్నాను. సగం మాటే వచ్చింది.

అక్క సంచి సర్దుకుంది. కుడికాలు లిఫ్టు గడప దాకా వచ్చి ఆగింది. లిఫ్టు గోడ మీద బటన్ల పలక ఉన్న వైపు చెయ్యి పోయింది. తలుపు తెరిచి ఉంచే బటనూ, కిందికి తీసుకుపోయే బటనూ ఒకదాని పక్కన ఒకటే ఉంటాయి. ఏది నొక్కిందో నాకు కనపడలేదు.

కింద మెట్ల మీద బావగారి అడుగుల చప్పుడు ఆగిపోయింది.